ఛాతీకి క్లిప్పు లేని బ్యాగు

ఏవండీ,

అన్నం, బీరకాయ పప్పు పొయ్యి పక్కన మూతపెట్టి ఉంచాను. అభిషేకానికి పాలకొల్లు వెళ్తున్నాను, చీకటి పడేలోపు వచ్చేస్తాను. సాయంత్రం మన శ్రీదుర్గకి హైస్కూలు బ్యాగు మీరే కొనిపెట్టండి. ఛాతీ దగ్గర క్లిప్పు పెట్టుకునేదే కావాలని పేచీ పెడుతుంది. అది మాత్రం కొనకండి.

నిన్న షాపులో నేనే తగిలించుకుని చూశాను. ఎంత లాగినా క్లిప్పు ఊడలేదు. "లాగకూడదమ్మా, రెండు వైపులా నొక్కాలి" అని మన పిల్ల ఒకటే నవ్వు. నాకేమో పడవే గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ బడి ఊళ్ళోనే. సోమవారం నుంచి రోజూ పడవ మీద గోదారి దాటాలి కదా. పడవ ఒరిగితే, పుస్తకాల బరువుతో ఆ క్లిప్పు విప్పుకోగలదా? ఒక భుజాన వేలాడేదైతే వదిలేసుకోవచ్చు.

ఈ కారణం దానికి చెప్పకండి. పడవంటే బెదిరి చదువే మానేస్తానంటుంది. రంగు బాగోలేదని చెప్పండి.

గోదారమ్మకి పసుపు కుంకుమలిచ్చి బిడ్డని అప్పగించాను. అప్పగించాక కూడా భయపడుతున్నానంటే నాకు నమ్మకం లేనట్టాండీ?

మొదటిరోజు మీరూ పడవెక్కండి. అవతల ఏదో పనుందని చెప్పండి. స్నేహితుల ముందు సిగ్గుపడుతుంది, పక్కన కూర్చోకండి. చెయ్యి అందేంత దూరంలో ఉండండి చాలు.