ఎండ మీదకి నెట్టేశాడు

నర్సీపట్నం, ఆదివారం రాత్రి

ఒళ్లు మండిపోతోంది. వాతావరణాన్ని కాపాడటం దేశాలకు చట్టప్రకారం బాధ్యతేనని అంతర్జాతీయ కోర్టు చెప్పిందట. పొద్దున టీ కొట్టు దగ్గర పేపరు చదివి వినిపిస్తే చిన్నాన్న పగలబడి నవ్వాడు.

"ఎండలు మారిపోనాయని ఎవుడ్రా సెప్పింది? మా సిన్నప్పుడూ ఇలాగే కాసేవి. ఆ కోర్టు మాట ఎవుడింటాడు?"

అక్కడున్న వాళ్లంతా ఆయనకే వంత పాడారు.

సాయంత్రం ఆయనే చెరుకు కొట్టిన చేలో ఎండాకు తగలబెట్టాడు. మంట గట్టు దాటి మా జీడిమామిడి పూతంతా మాడ్చేసింది. పరుగెత్తుకెళ్లి అడిగితే చొక్కా మీద బూడిద దులుపుకుంటూ, "నానేటి సేసినాను? మాఘంలోనే ఏటెండలో సూడు. ఎండకి మాడిపోనాది" అన్నాడు.

పొద్దున లేని ఎండ సాయంత్రానికి ఎక్కడినుంచి ఊడిపడిందో!

పెద్ద దేశాలు కూడా రేపు ఆ కోర్టుకి ఇదే జవాబు చెబుతాయి, బూడిద దులుపుకుంటూ.