మిద్దె మీద కుడిమలుపు

పుంగనూరు

కుప్పం విమానాల బడి ఆఫీసు వారికి దర్జీ తాజుద్దీన్ సలాములు.

నిన్న ఆదివారం మిద్దెమీద ఉండాను. మదనపల్లె దిక్కు నుంచి ఒక చిన్న విమానం, కుప్పం దిక్కు నుంచి ఇంకొకటి ఎదురెదురుగా వచ్చినాయి. అయిపోయిందిరా దేవుడా అని కండ్లు మూసుకుంటి. తెరిచి సూస్తే రెండూ చెరో పక్కకి తొలిగి పోతాండాయి! ఎవురు చెప్పినారప్పా వాటికి?

ఇట్లు, తాజుద్దీన్

తా.క.: ప్రతి ఆదివారం వస్తాండాయి. ఇంట్లో నేనొకడినే. సూసేదానికి అవే ఉండాయి.


కుప్పం

తాజుద్దీన్ గారికి,

మీ ఫిర్యాదు అందింది. ఎదురెదురుగా వచ్చిన విమానాలు రెండూ తమ తమ కుడివైపుకు తిరగాలన్నది నియమం. మీకు కలిగిన భయానికి చింతిస్తూ, ఇకపై వాటిని మీ వీధికి దూరంగా నడుపుతాం.

ఇట్లు, యమున, గుమాస్తా

తా.క.: ఆఫీసుకు ఉత్తరం రాసేవారంతా ఫిర్యాదుకే రాస్తారు. అందుకే మీదీ ఆ ఫైల్లోనే పెట్టాం.


పుంగనూరు

యమునమ్మకి సలాము.

ఫిర్యాదు కాదమ్మా తల్లీ! యాల దూరం పంపిస్తిరి? మెడ నొప్పి పుట్టేదాకా సూస్తి, ఈగంత కనపడినాయి. దగ్గరికే రానీండి.

ఇట్లు, తాజుద్దీన్

తా.క.: మా ఇంటామె ఖుర్షీదా పోయి రెండేండ్లాయ. వంటింటి వాకిట్లో ఎదురైతే ఇద్దరమూ ఒకే పక్కకి తొలిగి గుద్దుకునేవాళ్ళం. మీ కుడిపక్క రూలు అప్పుడు తెలీకుండా ఉండిందే మేలు.


కుప్పం

తాజుద్దీన్ గారికి,

మీ రెండో ఫిర్యాదుకు మేనేజరు గారు కంగారు పడ్డారు. మెడనొప్పికి చింతిస్తున్నాం. ఇకపై పుంగనూరు వైపు విమానమే రాదు.

ఇట్లు, యమున

తా.క.: మళ్ళీ రాశారంటే ఇక్కడ మా పక్కనున్న గుడుపల్లె మీదుగా పోయేవి కూడా ఆపేస్తారేమో!


పుంగనూరు

యమునమ్మా,

ఆదివారం ఉత్త ఆకాశం సూసి దిగొచ్చేస్తి. మా వీధి లక్ష్మీపతి మాస్టరు మీ రూల్సు చదివి చెప్పినాడు. ఇంజను లేనోడికి ఇంజను ఉండేవాడు దారి ఇయ్యాలంట. ఆపదలో ఉండేవాడికి అందరూ ఇయ్యాలంట. నాకు ఇంజనూ లేదు, ఆపదలోనూ ఉండాను. మాట్లాడే మనిషి లేక ఉండలేకుండా ఉండానమ్మా.

ఇట్లు, తాజుద్దీన్

తా.క.: ఇది మాత్రం ఫిర్యాదే.


కుప్పం

తాజుద్దీన్ అప్పా,

మీది ఫిర్యాదు కాదని మొదటి ఉత్తరానికే నాకు తెలుసు, మేనేజరు గారే ఒప్పుకోలేదు. ఇప్పుడు మూడైనాయని, మీ ఇంటికే వెళ్ళి "అభ్యంతరం లేదు" అని సంతకం తెమ్మన్నారు. ఆదివారం బస్సులో వస్తాను.

కుప్పం దిక్కు నుంచి వచ్చే విమానం నడిపేది నేనే. జీతంలో సగం పెట్టి నేర్చుకుంటున్నాను. ఈ ఊళ్ళో నాకెవరూ లేరు, పైన అంతకన్నా ఒంటరి. తల ఎత్తి నన్ను చూసే మనిషి మీరొక్కరే.

ఇట్లు, యమున

తా.క.: సంతకం వెంటనే పెట్టెయ్యొద్దప్పా. ఏదో ఒక వంక చెప్పి వాయిదా వెయ్యండి. పెట్టేస్తే, పైవారం మళ్ళీ రావడానికి ఆఫీసులో నేనేమని చెప్పేది?