తేడా అని నొక్కిన సంతకాలు

జూలై 7, సోమవారం

నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది. తప్పులు కూడా ఉంటాయి. క్షమించాలి. ఐదో తరగతి తర్వాత తెలుగులో ఏమీ రాయలేదు. క్షమించమని ఎవరిని అడుగుతున్నానో నాకే తెలియదు. ఇది ఎవరూ చదవకూడదనే రాస్తున్నాను. అత్తగారింట్లో మాట్లాడేది తెలుగే, చదివేది మాత్రం తమిళం. తెలుగులో రాస్తే బీరువాలో పెట్టి తాళం వేసినట్టే.

ఈరోజు ఉద్యోగంలో చేరాను. పక్కింటి సుగంధి అక్క తీసుకెళ్ళింది. తిరుత్తణిలో ట్రైన్ ఎక్కి తిరువళ్ళూరులో దిగాలి. టైర్ల షాపు మేడ మీద ఆఫీసు. పన్నెండు మంది ఆడవాళ్ళం.

నందకుమార్ సార్ ఒక ఇంగ్లీష్ కాగితం ఇచ్చి చదవమన్నారు. నాకు ఏబీసీడీలు విడివిడిగా తెలుసు. కలిపి రాస్తే తెలియదు. తల దించుకుని నిలబడ్డాను. ఇంక ఇంటికి పంపేస్తారనుకున్నాను. ఆయన మాత్రం చాలా సంతోషపడ్డారు. చదవను రానోళ్ళే మాకు కావాలమ్మా, చదివేటోళ్ళు పేరు చూస్తారు, మాకు గీత చూసేటోళ్ళు కావాల అన్నారు.

పని ఇది. అమెరికాలో ఒక రాష్ట్రం, పేరు బయట చెప్పకూడదట. అక్కడ ఒక జిల్లాలో నవంబరులో ఎలక్షన్. జనం ఏదో అడుగుతూ సంతకాలు పెట్టి ఇచ్చారు. స్క్రీన్ మీద ఎడమ పక్క ఆ మనిషి ఓటరుగా చేరినప్పటి సంతకం, కుడి పక్క ఇప్పుడు పెట్టిన సంతకం. రెండూ ఒకరివే అయితే పచ్చ బటన్, తేడాగా ఉంటే ఎర్ర బటన్. దొంగ సంతకాలు ఏరెయ్యాల, అంతే అన్నారు సార్.

చేరేటప్పుడు నాలుగు చోట్ల నా సంతకం తీసుకున్నారు. పెన్సిల్‌తో గుర్తు పెట్టిన చోటల్లా పెట్టాను.

జూలై 9

ఈరోజు నాలుగు వందల సంతకాలు చూశాను. కళ్ళు మండుతున్నాయి. సంతోషంగా ఉంది.

జూలై 15, మంగళవారం

నాకు హాట్ బాక్స్ ఇచ్చారు. అందరి ముందర పిలిచి ఇచ్చారు. ఫోటో తీశారు. ఫోటోలో నేను నేల చూస్తున్నాను.

ఎందుకిచ్చారంటే మిగతావాళ్ళు నూటికి పదో పన్నెండో ఎర్రవి నొక్కుతున్నారు. నేను నలభై దాటి నొక్కుతున్నాను. మొదట సార్ నా వెనకాల వచ్చి నిలబడితే ఏదో తప్పు చేశానని మౌస్ వదిలేశాను. ఆయన వంగి చూసి, ఈ కన్ను యాడ నేర్చినావమ్మా అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తాను. మా పుట్టింట్లో నాన్న మగ్గం మీద నేస్తే, కోసిన బట్టను వాకిట్లో వెలుతురుకు పట్టి తప్పు వెతికేది నేను. పదేళ్ళప్పటి నుంచి అదే నా పని. అంచులో ఒక పువ్వుకూ పక్క పువ్వుకూ ఒక్క పోగు తేడా ఉన్నా వేలు పెట్టి చూపించేదాన్ని. కొనేవాడి కన్నా ముందు మనమే పట్టుకోవాల అనేవాడు నాన్న. ఈ సంతకాలూ అంతే. ఒక అక్షరం తోక కొంచెం పైకి పోయినా నాకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎర్ర బటన్ నొక్కేస్తాను. రెండు సెకన్లు చాలు.

ఇంట్లో మామ నవ్వాడు. మా ఆయన్ను నేను మామ అనే పిలుస్తాను. ఏమే, అమెరికావోళ్ళ దొంగలను పట్టే పోలీసైపోయినావే, రేపట్నుంచి నా ఆటోకి కేసు రాయబాకమ్మా తల్లీ అన్నాడు. అత్త పాలావిడను నిలబెట్టి హాట్ బాక్స్ చూపించింది. పెళ్ళై మూడేళ్ళలో అత్త నన్ను గురించి బయటివాళ్ళతో మాట్లాడడం ఇదే మొదటిసారి.

జూలై 24, గురువారం

మిగతా అందరినీ నా పక్కన కూర్చుని నేర్చుకోమన్నారు సార్.  వేలితో చూపించాను. ఇక్కడ వంపు, ఇక్కడ సందు, ఇక్కడ పెన్ను ఆగింది. మొగుడి ముందర నోరెత్తనిది ఈడ టీచరమ్మ అయి కూర్చునింది చూడండే అని సుగంధి అక్క ఏడిపించింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సాయంత్రానికి అందరివీ ఎర్రవి పెరిగాయి. సుగంధి అక్కవి కూడా ముప్పై దాటాయి.

ఆగస్టు 13, బుధవారం

కొండ మీది గుడిలో ఆడికృత్తిక పండక్కి కావళ్ళు మోసేవాళ్ళు ఇప్పటి నుంచే వస్తున్నారు. ట్రైన్ నిండా పసుపు బట్టలు. నిలబడే వెళ్ళాం.

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు శోభన చెప్పింది. శోభన కంప్యూటర్లు చూసుకునే అమ్మాయి, బీఎస్సీ చదివింది, మా లిస్టులు అమెరికాకు పంపేది ఆమే. ఆ జిల్లాలో ఒకే ఒక్క ఆసుపత్రి ఉందట. దాన్ని మూసేస్తామన్నారట. మూయాలా వద్దా అని మమ్మల్ని ఓటు వేయనివ్వండి అని అక్కడి జనం సంతకాలు పెట్టారట. ఇన్ని వేల సంతకాలు ఉంటేనే ఓటు పెడతారట. మనకు పనిచ్చింది గవర్నమెంటు గాదే దేవసేనా, ఆ ఓటు జరగకూడదనే పార్టీవోళ్ళు, మనం ఎర్రగా నొక్కింది ఒక్కొక్కటీ ఒక మనిషి పేరు కొట్టేసినట్టు, ఇప్పుడు లెక్క చాలకుండా పోయింది అంది.

మరి దొంగ సంతకాలు గదా అన్నాను.

నూటికి నలభై మంది దొంగలుంటారా ఏ ఊర్లోనైనా అంది.

టిఫిన్ డబ్బాకు మూత పెట్టేశాను.

ఆగస్టు 14

కొట్టేసిన వాళ్ళలో కొందరు, ఇది నా సంతకమే అని ప్రమాణం చేసి కాగితాలు పంపారు. శోభన నాకు కొన్ని చదివి వినిపించింది. నేనే అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

ఒకాయన లారీ బానెట్ మీద పెట్టి సంతకం చేశాడట. ఒకామె ఓటరుగా చేరినప్పుడు ఇరవై ఒక్కేళ్ళు, ఇప్పుడు ఎనభై ఒకటి. ఇంకొకామె రెండు వేళ్ళు వంగవని రాసింది. నా భర్తను ఆ ఆసుపత్రిలోనే రెండేళ్ళు చూసుకున్నారు, నా సంతకం నాది కాదని చెప్పిన వారెవరో నా ఎదురుగా వచ్చి చెప్పమనండి అని రాసింది.

ఆమె సంతకం చూపించమన్నాను. చూడగానే గుర్తు పట్టాను. తెగబోయే పోగులా వణుకుతూ పోతుంది గీత. ఆ రోజు అది ఎర్రగా నొక్కి, ఎంత సులభంగా దొరికిందని మురిసిపోయాను.

బట్టలో పువ్వు మారితే తప్పు. మనిషి చెయ్యి మారకుండా ఎలా ఉంటుంది? అరవై ఏళ్ళు! ఈ మాట ఒక్కరోజు కూడా నాకు తట్టలేదు.

ఆగస్టు 18, సోమవారం

సార్ గది ముందర మూడుసార్లు నిలబడి మూడుసార్లు వెనక్కి వచ్చాను. నాలుగోసారి ఆయనే పిలిచారు. సార్, నేను నొక్కినవి మళ్ళీ చూస్తాను, చాలా వాటిలో నేనే తప్పు చేశాను అన్నాను. ఇంత పొడుగు మాట ఆయన ముందు ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆయన కోప్పడలేదు. కూర్చో అన్నారు. అది ముగిసిపోయిందమ్మా, సుమ్మా ఉండు, దాన్ని కెలకబాక అన్నారు. తర్వాత ఒక కాగితం తీశారు. కింద నా సంతకం. చేరిన రోజు పెట్టినది. పైన ఏముందో అప్పుడు చెప్పారు. నేను చేతిరాతలు పోల్చడంలో మూడేళ్ళు ట్రైనింగ్ అయినదాన్నట. నిపుణురాలినట.

కేసు కోర్టుకు పోయిందట. పని చేసినవాళ్ళలో ఒకరిని వీడియోలో ప్రశ్నలడుగుతారట. సార్ నా పేరు ఇచ్చారు. నిన్నే ఎందుకు ఇచ్చినానంటే నువ్వు ఎక్కువ మాట్లాడవు, ఏమడిగినా ఎస్ అను, అది చాలు, నువ్వు వేరే ఏమన్నా అంటే పన్నెండు మందీ రోడ్డు మీదే అన్నారు.

ఆగస్టు 19

మామకు చెప్పాను. చాలాసేపు ఆటో సీటు తుడుస్తూనే ఉన్నాడు. ఎవురో అమెరికావోళ్ళ ఆసుపత్రి కోసరం సుగంధి అక్క పొయ్యి మీద నీళ్ళు పోస్తావా అన్నాడు. సుగంధి అక్క మొగుడు తుంటి విరిగి మంచంలో ఉన్నాడు. ఆ ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే.

నేను పోయనని చెప్పాను.

ఆగస్టు 26, మంగళవారం. రాత్రి ఎనిమిదిన్నర, ఇంటికి వచ్చాక

 జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆరున్నరకు వీడియో. అక్కడ అప్పుడే పొద్దున. సార్ కెమెరా వెనకాల నిలబడ్డారు. జడ్జి ఒక ఆడమనిషి, కళ్ళద్దాలు. కాగితంలో మాతృభాష తెలుగు అని ఉందట. అందుకని తెలుగు చెప్పే ఒకామెను పెట్టారు. సార్ ఆ సంగతి ఊహించలేదు. ఆమె ముఖం కనిపించలేదు, గొంతు మాత్రమే. దేవసేన గారూ, నా మాట మీకు వినబడుతోందా అండీ అంది. నన్ను గారు అని పిలిచినవాళ్ళు ఇంతవరకు ఎవరూ లేరు. వెనక్కి తిరిగి చూశాను.

మీ పేరు ఇదేనా అన్నారు. ఎస్ అన్నాను. ఈ పని మీరే చేశారా అన్నారు. ఎస్ అన్నాను. సార్ బొటనవేలు పైకెత్తి చూపించారు.

అప్పుడు సంతకాలు పెట్టిన జనం వైపు వకీలు, ముసలాయన, తెల్ల కాగితం మీద మీ సంతకం మూడుసార్లు పెట్టి కెమెరాకు చూపించండి అని అడిగించాడు. పెట్టాను. అందరూ చూస్తుంటే చెమటకు పెన్ను జారింది. చూపించాను. ఇప్పుడు మీరు రోజూ చూసినట్టే చూసి చెప్పండి, మొదటిదీ మూడోదీ ఒకే మనిషివేనా అన్నాడు.

కాగితం నా వైపు తిప్పుకుని చూశాను. మొదటి దానిలో సే గుండ్రంగా ఉంది. మూడో దానిలో సే నలిగిపోయింది, న తోక కిందికి జారింది, మధ్యలో పెన్ను ఆగింది.

తేడా అన్నాను.

తెలుగామె ఏమన్నారమ్మా అని మళ్ళీ అడిగింది. మూడోది ఎరుపు, ఆ మనిషి కాదు అన్నాను.

ఆమె ఇంగ్లీష్‌లో చెప్పింది. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. జడ్జి కళ్ళద్దాలు తీసేసింది. నేను ఏమన్నానో అప్పుడు నాకు తెలిసింది. నా సంతకం నాది కాదని నా నోటితో నేనే చెప్పాను.

ఇంక జడ్జే అడిగింది. ఎంతవరకు చదివారు? ఐదో తరగతి. ఇంగ్లీష్ చదవగలరా? రాదు. మీరు సంతకం పెట్టిన కాగితంలో ఏముందో ఎవరైనా చదివి చెప్పారా? లేదు. సార్ బొటనవేలు ఎప్పుడో దిగిపోయింది. ఆయన గోడ చూస్తున్నారు.

సెప్టెంబరు 3, బుధవారం

మా లిస్టును జడ్జి పక్కన పెట్టేసిందట. ఓటు జరుగుతుందట. శోభన ఫోన్ చేసి చెప్పింది. ఎంత ధైర్యమే నీకు అంది.

ఆఫీసుకు తాళం. సార్ ఫోన్ తీయడం లేదు. పదకొండు మంది మెట్ల మీద కూర్చుని ఉన్నారు. నేను వెళ్ళగానే సుగంధి అక్క లేచి, ఇన్నేండ్లు మూసుకోని ఉన్న నోరు తెరిచేదానికి నీకు అదే దొరికిందా పాపా అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ట్రైన్‌లో వేరే పెట్టె ఎక్కింది.

అత్త వాకిట్లో పాలావిడ ఉంటే నన్ను లోపలే ఉండమంది.

సెప్టెంబరు 21, ఆదివారం

సుగంధి అక్కకు బట్టల కొట్టులో పని దొరికింది. రోజంతా నిలబడాలి, కూర్చుంటే తిడతారట. కాళ్ళు ఉబ్బాయి. గోడ అవతలి నుంచి ఆమె మొగుడికి చెప్తుంటే విన్నాను. వేడినీళ్ళు కాచి ఇద్దామని తీసుకెళ్ళాను. తలుపు తీసింది. చెంబు చూసింది. నీళ్ళు మా ఇంట్లోనూ ఉండాయి అంది.

చెంబు పట్టుకుని తిరిగి వస్తుంటే వీధిలో అందరూ చూసినట్టనిపించింది. ఎవరూ చూడలేదు.

ఆ రెండు వేళ్ళు వంగని ముసలామెకు ఇదేమీ తెలియదు. ఆమె దగ్గర తల దించుకోవాలా, సుగంధి అక్క దగ్గర దించుకోవాలా అని ఆలోచిస్తాను. ఇద్దరి దగ్గరా దించుకుంటాను. తల ఒక్కటే ఉంది.

నవంబరు 5, బుధవారం

నిన్న అక్కడ ఓటు జరిగింది. ఆసుపత్రి ఉంటుందట. శోభన మామకు చెప్పింది, అత్తకు చెప్పింది, ట్రైన్‌లో అందరికీ చెప్పింది, మా దేవసేన కోర్టులో భయపడకుండా నిజం చెప్పింది అని. అత్త ఈరోజు నా కంచంలో ముందు వడ్డించింది.

నేను నిజం చెప్పాలని వెళ్ళలేదు. ఎస్ అనే వెళ్ళాను. ట్రైన్‌లో లోలోపల వందసార్లు అనుకున్నాను. కాగితం కంటి ముందర పెట్టేసరికి అలవాటుగా తప్పు వెతికాను. అంతే జరిగింది.

ఈ నోటు పుస్తకం ఎవరికైనా దొరికితే దయచేసి పొయ్యిలో పెట్టండి. శోభన చెప్పిందే ఉండనివ్వండి.