రెండు చేతుల్లో నికెల్ తీగలు

మార్చి 3, మంగళవారం

నిన్న నాలుగో కీమో అయింది. ఇంకా రెండున్నాయి. నర్సు ఎప్పట్లాగే కాగితం చూసి అడిగింది, వేళ్ళలో తిమ్మిర్లు గానీ మొద్దుబారినట్టు గానీ ఉందా అని. లేదన్నాను. టిక్కు పెట్టుకుంది.

అబద్ధం. పది రోజులుగా వేళ్ళకి మేజోళ్ళు తొడిగినట్టుంది. ఎడమచెయ్యి మరీను. కిందటిసారి పక్క కుర్చీలో పెద్దాయన ఉందని చెప్పాడు. ఆయనకి మందు తగ్గించేశారు. నాకు తగ్గించకూడదు. ఆపరేషన్‌లో గడ్డ తీసేయగా ఎక్కడైనా మిగిలి ఉంటే దాన్ని చంపడానికే ఈ మందు. సగం చంపి వదిలేస్తే?

భయపడి చెప్పలేదని కాదు. భయం కూడా వేయడం లేదు. రిపోర్టు మీద ఉన్న పేరు నాదేనని తెలుసు, అంతే.

మార్చి 5

కండక్టర్ ఫోన్ చేశాడు. మా బ్యాండ్ లీడర్. కీబోర్డ్ వాయిస్తాడు. స్టేజి మీద అందర్నీ ముందుకు జరగండి, ముందుకు జరగండి అని తోలుతుంటాడని ఆ పేరు నేనే పెట్టాను. ఇరవై ఎనిమిదిన హాల్లో ప్రోగ్రాం ఉందట. లీడ్ గిటార్‌కి వేరేవాళ్ళని చూడనా, నువ్వే వస్తావా అన్నాడు. నేనే వస్తానన్నాను. అయితే ముందు ఆ తీగలు మార్చు తల్లీ, వాటికన్నా బట్టలారేసే తీగలు నయం అన్నాడు.

మార్చి 7, శనివారం

గిటార్ షాపుకి వెళ్ళాను. షాపాయనతో ఇరవై ఏళ్ళ పరిచయం. నాకు నలభై మూడొచ్చినా ఇంకా అమ్మాయీ అనే పిలుస్తారు. మా ఇద్దరికీ ఒక పాత పందెం ఉంది. నేను కళ్ళు మూసుకోవాలి. ఆయన ఒక్కో చేతిలో ఒక్కో తీగ ముక్క పెడతారు. ఒకటి అచ్చం నికెల్ చుట్టింది. ఇంకోటి ఉక్కు మీద నికెల్ పూత పూసింది. ఏది ఏదో చెప్పాలి. అచ్చం నికెల్ వేలికి మెత్తగా, కాస్త జిడ్డుగా తగులుతుంది. పూతది గరుగ్గా ఉంటుంది. ఓడినవాళ్ళు టీ తాగించాలి. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూడా టీ తాగించలేదు.

ఇవాళ రెండు చేతుల్లోనూ ఏమీ తెలియలేదు. ఎడమది పూత, కుడిది అచ్చం నికెల్ అనేశాను నోటికొచ్చినట్టు. ఆయన నా చేతుల్లోంచి ముక్కలు తీసేసుకుని, గెలిచావమ్మాయీ అన్నారు. ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చారు.

పూత తీగలే తీసుకున్నాను. నైన్స్, అన్నిటికన్నా సన్నవి. బలం లేని వేళ్ళకి సన్న తీగే సుఖం అనుకున్నాను.

మార్చి 8

తీగలు ఎక్కించాను. అయ్యాక చూస్తే గిటార్ మీద రక్తం. ఏ వేలిదో వెతుక్కోవాల్సి వచ్చింది.

మార్చి 11

చొక్కా గుండీలు అక్క పెట్టింది. ఆపరేషన్ అయినప్పటి నుంచి వాళ్ళింట్లోనే ఉంటున్నాను. బద్ధకమా అంది. అవునన్నాను.

మార్చి 14, శనివారం

రిహార్సల్. ట్యూనర్ పెడితే ఆరు తీగలూ సరిగ్గానే ఉన్నాయి. నాలుగైదు తీగలు కలిపి నొక్కి కార్డ్ పట్టుకుంటే మాత్రం అపశ్రుతి. మూడుసార్లు ట్యూన్ చేశాను. కండక్టర్ కూడా ఒకసారి చేశాడు. మళ్ళీ అదే ఏడుపు.

ఇంటికొచ్చాక అర్థమైంది. తీగ కింద ఉన్న లోహపు మెట్టుకి, ఫ్రెట్‌కి, ఆనిందో లేదో నా వేలికి తెలియడం లేదు. అందుకని ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి నొక్కుతున్నాను. సన్న తీగని అంత గట్టిగా నొక్కితే శ్రుతి పైకి పోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళ చేత నేను తిట్టి మాన్పించే తప్పు అది.

బ్యాండ్‌లో ఎవరూ ఏమీ అనలేదు. మామూలుగా అయితే పీక్కుతినేవాళ్ళు. డ్రమ్మర్ అయితే బాగుందక్కా అన్నాడు. వాడి నోట ఆ మాట వినడం ఇదే మొదలు.

మార్చి 17

మళ్ళీ షాపు. ఎలెవెన్స్ కావాలన్నాను. లావు తీగ గట్టిగా నొక్కినా అంత తొందరగా శ్రుతి తప్పదు. ఒంట్లో బాగోలేనిదానివి, నీకు లావు తీగలెందుకు అన్నారు షాపాయన. చెప్పేశాను, వేళ్ళకి స్పర్శ లేదని. అక్కకి కూడా చెప్పని మాట.

ఆయన కౌంటర్ తుడిచారు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచారు. తర్వాత చెప్పారు. ఇరవై ఏళ్ళలో ఒక్కసారైనా గెలుద్దామని ఆ రోజు నా రెండు చేతుల్లోనూ ఒకే రకం పెట్టారట. రెండూ పూతవే. నువ్వు పట్టేసుకుని నా మొహాన కొడతావు, ఇద్దరం నవ్వుకుందాం అనుకున్నానమ్మాయీ, నువ్వేమో ఇది ఇదీ అది అదీ అని చెప్పేస్తుంటే నిజం చెప్పడానికి నాకింక మనసొప్పలేదు అన్నారు.

నాకు కోపం రావాలి. కనీసం సిగ్గయినా వేయాలి. ఏదీ రాలేదు. సరే, ఎలెవెన్స్‌లో ఏవి ఇస్తారు అని అడిగాను.

చేత్తో కాదు, చెవితో ఎంచుకో అన్నారు. రెండు గిటార్లు ఆంప్ స్పీకర్‌కి తగిలించి ఆయనే వాయించారు. పూతది గలగలమంది. అచ్చం నికెల్ గొంతు తగ్గించి మాట్లాడినట్టుంది. అదే తీసుకున్నాను.

బస్సులో ఒకటే ఆలోచన. ఎవరెవరు నా అబద్ధాలు తెలిసీ జాలిపడి ఊరుకుంటున్నారో. నర్సు మాత్రం జాలిపడదు. నేను చెప్పింది నమ్ముతుంది. నమ్మి మందెక్కిస్తుంది.

మార్చి 19

ఎలెవెన్స్ ఎక్కించాను. ఈసారి గ్లవుజులు వేసుకున్నాను.

మార్చి 22, ఆదివారం

రేపే అయిదోది. మొదటి రోజే డాక్టరమ్మ చెప్పింది, వేళ్ళు మొద్దుబారితే వెంటనే చెప్పాలి, ఆలస్యం చేస్తే అలాగే ఉండిపోవచ్చు అని. చెబితే మందు తగ్గిస్తారు. చెప్పకపోతే చేతులు పోతాయి. ప్రాణం కన్నా చేతులెక్కువా అంటుంది అక్క, అడిగితే. అందుకే అడగను. చేతులతో నాకు వచ్చిన పని గిటార్ ఒక్కటే. పద్నాలుగో ఏట నుంచి ఇంకేదీ నేర్చుకోలేదు.

మార్చి 23, మధ్యాహ్నం

చెప్పాను.

అదే రోజు, సాయంత్రం

ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది డాక్టరమ్మ. నెల రోజుల నుంచి అన్నాను. పెన్ను కింద పెట్టి, చిన్నపిల్లవా నువ్వు అంది. ఎక్కిస్తున్న రెండు మందుల్లో వేళ్ళని దెబ్బతీసేది ఆపేసింది. రెండోది నడుస్తుందట. స్పర్శ తిరిగొస్తుందో లేదో ఏడాది ఆగితే గానీ చెప్పలేనంది. జబ్బు తిరిగొస్తుందో లేదో కూడా అంతేనంది. అక్క పక్కనే ఉంది. గుండీల సంగతి ఇదన్నమాట అంది.

మార్చి 28, శనివారం

వాయించాను. రెండు గంటలూ తల దించుకుని, ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు నా చెయ్యే చూస్తూ. ఎలెవెన్స్ శ్రుతి తప్పలేదు. వేగంగా పరిగెత్తే సోలోలు రెండు కండక్టర్ అడక్కుండానే తన కీబోర్డ్ మీదకి లాక్కున్నాడు. చివరి పాటలో తప్పు స్వరం పడింది. స్టేజి దిగాక డ్రమ్మర్, అక్కా, బంగారం లాంటి పాటని పీక పిసికి చంపావు కదా అన్నాడు. ఆ మాట బాగుంది.

ఏప్రిల్ 2, ఉదయం

వేళ్ళు అలాగే ఉన్నాయి. పళ్ళు తోముకుంటుంటే భయం వేసింది. చచ్చిపోతానేమోనని. బ్రష్ నోట్లో ఉండగానే గట్టిగా ఏడ్చాను. అక్క పరిగెత్తుకొచ్చి, ముందు ఆ నురగ ఉమ్మేయవే అంది.