మండల్ బిల్డింగ్ అరుగు, తూర్పు కొస

కలకత్తా బౌబజార్‌లోని మండల్ బిల్డింగ్ యజమాని, రిటైరైన పత్రికా విలేకరి, డెబ్భై ఎనిమిదేళ్ల అమియ లూకాస్ మండల్ అనే నేను ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న వీలునామా. పాతవి రద్దు. మతి స్థిమితంగా ఉందని డాక్టరు రాసిచ్చారు. అయోమయమల్లా బిల్డింగ్ విషయంలోనే.

1. మా తాత 1911లో కట్టించిన ఆ మూడంతస్తులూ, కింది ఆరు దుకాణాలతో సహా, నా కూతురు ఝుమూర్‌కు చెందుతాయి. అమలు బాధ్యత కూడా ఆమెదే.

2. అన్న కొడుకు బిమల్‌కు నా టైప్‌రైటర్. ముందు గోడ తీసేసి అద్దాలు పెడదామని రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనకపోతే గొడుగు కూడా ఇవ్వవచ్చు.

3. తలుపుల పచ్చరంగు గీకితే ఎరుపు వచ్చింది. ఎరుపే వేయించాను. తర్వాత ఆ ఎరుపు కింద మళ్లీ పచ్చ కనిపించింది. తాత వేయించింది ఏదో నాకు తేలలేదు. తేలేదాకా ఝుమూర్ కొత్త రంగు వేయించవద్దు.

4. బిల్డింగ్‌ను తాతనాటి రూపానికి తేవాలని ప్రారంభోత్సవం ఫొటో చూసి మరమ్మతు చేయించాను. ఫొటోలో అరుగు లేదు. తర్వాతెవరో కట్టారనుకుని నిరుడు పగలగొట్టించాను. సాయంత్రాలు దానిమీద కబుర్లాడే తొమ్మిదిమందీ చెదిరిపోయారు. వాళ్లలో ఒకడు, కింద గడియారాలు బాగుచేసే శిబేన్ కర్మకార్, కూలీల ముందే అన్నాడు: "అమియదా, ఆ ఫొటోలో నేనూ లేను. నన్నూ పగలగొట్టించు." ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ఎదుటి కొట్టు దగ్గర నిలబడే టీ తాగుతున్నాడు.

గత నెల ఫొటో ఫ్రేము విరిగింది. చుట్టూ ఉన్న అట్ట తీస్తే కింద ఫొటో మరో రెండంగుళాలు ఉంది. తాతతో సహా పదకొండుమందీ అరుగుమీదే నిలబడి ఉన్నారు. ఆధారం లేనిదే వార్త రాయనివాణ్ణి, అట్ట ఎత్తి చూడలేదు. నేను తీయించినవాటిలో ఇంకేమేం అలా అట్ట కింద ఉండిపోయాయో తెలియదు.

కాబట్టి ముందు నా డబ్బుతో అరుగు కట్టించాలి. సున్నం, ఇటుకపొడితోనే. సిమెంటు వద్దు. తూర్పు కొసన, స్తంభానికి ఆనుకునే చోటు శిబేన్‌ది. తాత గోడగడియారం కూడా అతనికే.

5. సంతకానికి ముందు చేర్చినది. రెండో సాక్షిగా రావలసిన పాస్టరుగారికి జ్వరం. ఝుమూర్ వెళ్లి శిబేన్‌ను పిలుచుకొచ్చింది. సాక్షి సంతకం చేస్తే అతనికి రాసింది చెల్లదని వకీలు చెప్పారు. శిబేన్ నాలుగో నిబంధన రెండుసార్లు చదివాడు.

"గడియారం నీ గోడమీదే ఉండనీ, కీ ఎలాగూ నేనే ఇస్తాను. అరుగుమీద కూర్చోడానికి నాకు కాగితమెందుకు అమియదా? కలం ఇటివ్వు."

నాలుగో నిబంధనలో అతని పేరు కొట్టేయమని వకీలు అంటున్నారు. చెల్లకపోయినా కొట్టేయను.

కలకత్తా, 14 అక్టోబరు 2019
(సంతకం) అమియ లూకాస్ మండల్

సాక్షులు:
1. తపతి దత్త, వకీలు
2. శిబేన్ కర్మకార్. చిరునామా: మండల్ బిల్డింగ్ అరుగు, తూర్పు కొస