మా ఆయన రీలు మార్చడం మరిచిపోయిన ఆట

అమ్మా, మేమిద్దరం కులాసా. ముందు ఆ బెంగ తీసి పక్కన పెట్టు.

ఇక్కడ పలకరించే దిక్కు లేదు, అన్నయ్యను పంపి తీసుకుపొమ్మని పోయిన కార్డులో రాశాను కదా. దాన్ని పోస్టులో వేసింది ఈయనే. చదివే ఉంటారు. నిన్న తాను ఆపరేటరుగా ఉన్న హాలుకే సినిమాకు రమ్మన్నారు.

ఒంటరి ముసలాయన, పక్కవాటా అమ్మాయి మెట్ల మీద కూర్చుని మాటలు కలుపుకునే కథ. చూస్తూ చూస్తూ నవ్వేశాను. అంతలో తెర తెల్లబడిపోయింది. రీలు అయిపోయినా ఈయన తర్వాతి రీలున్న రెండో మిషను వేయలేదు. హాలంతా ఒకటే ఈలలు. వెనక్కి తిరిగితే, గోడ పైనున్న చిన్న కిటికీలోంచి నా వంకే చూస్తున్నారు.

నా పక్కన మా ఎదురింట్లో బట్టలు కుట్టే అక్క కూర్చుంది, ఇన్నాళ్లూ మాటలు కలవనేలేదు. "ఆపరేటరు గుర్రు పెట్టాడేమో!" అని కేకేసింది. నాకెలా నోరొచ్చిందో, "నిద్ర కాదండీ, ఆయన మా ఆయన. నేను నవ్వుతున్నానా లేదా అని చూస్తున్నారు" అన్నాను. వరసంతా గొల్లున నవ్వింది.

"అయితే మొహానికి కొంగు కప్పుకో తల్లీ, మా సినిమా సాగనీ!" అంది అక్క.

ఇవాళ పొద్దున్నే వచ్చి తలుపు కొట్టింది. నాకు జాకెట్లు కత్తిరించడం నేర్పుతుందట.

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? పెరటి తలుపు గడియ బాగుచేయించారా? అన్నయ్యను పంపించు. నన్ను తీసుకుపోవడానికి కాదు, అటక మీదున్న నా కుట్టుపెట్టె ఇచ్చిపోవడానికి.

చోటు అయిపోయింది. నీకూ నాన్నకూ దణ్ణాలు. ఈ కార్డు కూడా ఈయన చేతికే ఇస్తున్నాను. దారిలో చదువుకుంటారు.

నీ చిన్నది