ఎక్కించడానికి వచ్చి ఎక్కినదాన్ని

అత్తమ్మకు,

మనుమరాలు పుట్టిన సంగతి మీ అల్లుడు ఫోన్‌లో చెప్పే ఉంటాడు. నేనిక్కడికి ఎలా వచ్చానో చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను.

పూజ కాన్పుకు మిమ్మల్ని ఏటూరునాగారం బస్సెక్కించడానికే హన్మకొండ బస్టాండుకు వచ్చాను. జనం నన్ను లోపలికి నెట్టారు, మీరు కిందే మిగిలారు. ములుగు దాకా నా కాళ్లు నేలకు ఆనలేదు. దిగుతానంటే కండక్టర్, "ఆడోళ్లకు ఫ్రీయే గదమ్మా, ఫికర్ జెయ్యకు, పోయిరా" అన్నాడు.

ఏటూరునాగారంలో, ఏడాదిగా నాతో మాట్లాడని పూజ, "అమ్మను తోలమంటే నిన్ను తోలిన్రా, వదినె?" అని ఏడ్చింది. అంతలోనే నొప్పులు మొదలయ్యాయి. దవాఖానలో నా చెయ్యి వదల్లేదు. తల్లీపిల్లా క్షేమం.

మీరు రేపు బయలుదేరుతున్నారట. రండి. పూజ మాత్రం నన్ను పోనివ్వడం లేదు.

మీ కోడలు